భూతరాజు వరాలు, బజారు చొక్కాలు

బాలల కథలకు మంచిరోజులు వచ్చినవని సంతోషించేవారు ఈ మధ్య ఎక్కువైనారు. వారు చూపే నిదర్శనాలు కండ్లకు కట్టేవే. కలకత్తా దుకాణాలలో సుకుమార్ రాయ్ 'ఆబోల్ తాబోల్' బొమ్మలు అచ్చువేసిన చీరలు వ్రేలాడుతున్నవి. రవీంద్రుడు పసిపిల్లలకోసం వ్రాసిన 'సహజ్ పాఠ్' 1930లో వెలువడినప్పుడు దానికి నందలాల్ బోస్ చెక్కి ఇచ్చిన నల్లని బొమ్మలు ఇప్పుడు పెద్దల పమిటచెంగులమీద కనబడుతున్నవి. గూపీ, బాఘా, భూతరాజు చొక్కాలమీదికి ఎక్కినారు. పూజ పందిళ్లకు పిల్లల కథలే ఇతివృత్తాలైనవి. సాహిత్యం జనంలోకి పోవటమంటే ఇదే గదా అని వారు అడుగుతారు. కాదని నా వాదం. జనంలోకి పోయినది సాహిత్యం కాదు, దాని వేషం.

ఈ మాట కటువుగా తోచవచ్చు. దీనిని పరీక్షించటానికి కలకత్తా సరియైన చోటు కాదని ముందే ఒప్పుకొంటాను. అక్కడ ఆ చీర కొన్న గృహిణికి ఆ పద్యాలు చిన్ననాడే కంఠస్థమై ఉంటవి. చీరమీది బొమ్మ ఆమెకు ఒక జ్ఞాపిక. తనకు తెలిసినదానిని తాను ధరించుకొంటున్నది. అందులో తప్పు పట్టవలసినది ఏమీలేదు. అదే బజారులో తిరుగుతూ, అవే బొమ్మలు చూస్తూ, ఆ కథను తన ఇంటి భాషలో ఎన్నడూ వినని బిడ్డ ఎక్కడ ఉన్నాడో అక్కడకు పోయి పరీక్షించవలె. అటువంటి చోటు హౌరానుండి రెండు మూడు గంటల రైలు ప్రయాణంలో ఉన్నది.

ఖరగ్‌పూరు రైలువారు కట్టిన ఊరు. బెంగాల్ నాగపూర్ రైల్వే పందొమ్మిదవ శతాబ్దపు చివర ఆ స్థలాన్ని కూడలిగా ఎన్నుకొని, కర్మాగారం నిలిపిననాటినుండి తూర్పుతీరపు తెలుగువారు పని వెదుకుకొంటూ ఆ దారినే పోయినారు. పలాస, శ్రీకాకుళం రోడ్డు, విజయనగరం మీదుగా వచ్చే మద్రాసు దారి వారి పల్లెలను ఆ ఊరికి ముడివేసినది. 1927లో అక్కడి కార్మికులు ఉద్యోగాల కోతకు ఎదురు నిలిచి సమ్మె కట్టినప్పుడు వారి సంఘానికి నాయకత్వం వహించినవారు వి.వి. గిరిగారు. 1072 మీటర్ల ప్లాట్‌ఫారం ప్రపంచంలోకెల్ల పొడవైనదని సామాన్యశాస్త్ర పుస్తకాలు చాలకాలం బాలురచేత వల్లెవేయించినవి. ఆ గౌరవం 2013లో గోరఖ్‌పూరుకు, 2023లో హుబ్బళ్లికి పోయినది. పోతే పోయినది. నాకు ఆ ప్లాట్‌ఫారం పొడవుకంటె దానిమీద వినవచ్చే భాషల సంగతి ముఖ్యం.

మూడు నాలుగు తరాలుగా అక్కడ స్థిరపడిన తెలుగు ఇండ్లలో పిల్లవాడు అమ్మతో తెలుగు మాట్లాడుతాడు. వీధిలో బెంగాలీ, హిందీ మాట్లాడుతాడు. బడిలో తరచు ఇంగ్లీషు చదువుతాడు. పూజ దినాలలో తోటి పిల్లలతో పందిళ్లన్నీ తిరుగుతాడు. భూతరాజు వానికి తెలియనివాడు కాడు. కిరీటం ఎట్లా ఉంటుందో చెప్పగలడు. ఆ భూతరాజు ఎందుకు ప్రసన్నుడైనాడు, ఇద్దరు వెర్రివాళ్లకు ఏమి ఇచ్చినాడు, వారు దానితో ఏమి చేసినారు అని అడిగితే సమాధానం చిక్కుపడుతుంది. తోటి బెంగాలీ బాలుడు తన వంతుకు బాహుబలి కవచాన్ని గుర్తుపట్టుతాడు. తోటరాముడు ఎవరో ఎరుగడు. ఇద్దరూ ఒకే బల్లమీద కూర్చున్న మిత్రులు. ఒకరి కథల దుస్తులు మరొకరికి తెలుసు, కథలు తెలియవు.

బొమ్మకు భాష లేదు. కనుక దానిని ఈ గట్టునుండి ఆ గట్టుకు చేర్చే మనిషి అక్కరలేదు. తెరమీది బొమ్మ, చొక్కామీది బొమ్మ మధ్యవర్తి లేకుండానే తెలుగు బాలుని ఇంటికి వచ్చినవి. అవి వచ్చినవి గనుక కథ కూడ వచ్చినదని పెద్దలమైన మనం నమ్ముతున్నాము; నమ్మి, అనువాదకుని పిలువటం మానుకొన్నాము. నా ఫిర్యాదు దుకాణదారునిమీద కంటె ఈ నమ్మకంమీద ఎక్కువ.

ఇంతకూ ఆ కథ ఏమిటో, దానికి ఏమి జరిగినదో చూడవలె. ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురి 1913లో 'సందేశ్' అనే పిల్లల మాసపత్రికను స్థాపించినారు. 1915 డిసెంబరులో ఆయన కన్నుమూసినారు. ఆ స్వల్పకాలంలో ఆ పత్రికలో వెలువడినదే గూపీ, బాఘాల కథ. ఆయన చిత్రకారుడు, ముద్రణకళలో పరిశోధకుడు; తన కథలకు తానే బొమ్మలు వేసుకొన్నవారు. పాట రాకపోయినా పాడక మానని ఒక కోమటి కొడుకు, అంతే నేర్పుతో డోలు వాయించే మరొకడు, ఇద్దరూ ఊరివారి సహనం చచ్చి వెళ్లగొట్టబడతారు. అడవిలో కలుసుకొంటారు. వారి సంగీతం భూతాలకు నచ్చుతుంది. భూతాలకు గాక మరెవరికి నచ్చుతుంది?

మనుమడు సత్యజిత్ రాయ్ 1969లో దీనిని చలనచిత్రం చేసినారు. దానికి 1968వ సంవత్సరపు ఉత్తమ చిత్రంగా జాతీయ పురస్కారం లభించినది. ఈ చిత్రాన్ని నేను నిందిస్తున్నానని ఎవరూ అనుకోరాదు. కథను సినిమా ఎట్లా చదువవలెనో తెలుసుకోదలచినవారు దీనినే చూడవలె. అందులో భూతరాజు ఇచ్చే వరాలు మూడు. చప్పట్లు చరిస్తే కోరిన తిండీ బట్టా రావలె. వారిచ్చిన చెప్పులు తొడిగి చరిస్తే కోరినచోటికి పోగలుగవలె. పాడి, వాయిస్తే విన్నవారు కదలలేక నిలిచిపోవలె. ఇందులో తిండిని ముందు పెట్టి, బట్టను దాని ప్రక్కనే నిలిపినారు. పేదవాని కోరికల జాబితా అదే వరుసలో ఉంటుంది. ఆ ఇద్దరూ చింకి పంచెలు విడిచి జరీబట్టలు కట్టిన క్షణంలో చూచే పిల్లవానికి కలిగే ఉల్లాసం, అంతకు నిమిషం ముందు వారు ఆవురావురుమంటూ తిన్నందువలన కలిగినది.

ఆ దుస్తులు కూడ రాయ్ స్వయంగా గీసి కుట్టించినవే. ధనం చాలక చిత్రమంతా నలుపు తెలుపులలో తీసి, చివరి ఘట్టానికి మాత్రమే రంగులు పులిమినారు. రంగులేని తెరమీద జరీ ఎట్లా మెరియవలెనో తలపోసి చేసిన పని అది. భూతాల నృత్యంలో రాజులు, సామాన్యజనం, తెల్లదొరలు, బొజ్జలు పెంచిన పెద్దమనుష్యులు నాలుగు తెగలుగా వచ్చి ఆడి, తమలో తాము కొట్టుకొని చచ్చిపోతారు. ఆ నృత్యానికి బెంగాలీ వాద్యం వాడలేదు. మృదంగం, ఘటం, కంజీర, మోర్సింగ్ - మన కచేరీ తాళవాద్యాలు - వాడినారు. చెడ్డ మంత్రికి ఊడిగం చేసే బర్ఫీ అనే మాంత్రికుని వేషం వేసినవారు హరీంద్రనాథ్ చట్టోపాధ్యాయ. ఆయన హైదరాబాదులో పుట్టినవారు, సరోజినీదేవి తమ్ముడు. మొదటి లోక్‌సభకు విజయవాడ ఓటర్లు ఎన్నుకొని పంపినవారు. బెంగాలు పిల్లల కథలో మన వాద్యాలు మోగినవి, మనం ఢిల్లీకి పంపిన మనిషి మంత్రాలు వేసినాడు. అయినా ఆ కథ మనది కాదన్నట్లు కూర్చున్నాము.

చిత్రంలోని గుండెకాయవంటి ఘట్టం చివర వస్తుంది. హల్లా రాజ్యపు సైన్యం శుండీమీదికి దండెత్తుతున్నది. సైనికులు ఎండిపోయి ఉన్నారు. మంత్రి మాత్రం వేళతప్పక భోజనం చేస్తాడు. ఒంటెలు సైతం లేవనంటున్నవి. అప్పుడు గూపీ పాడుతాడు, బాఘా వాయిస్తాడు, ఆకాశంనుండి మిఠాయి కుండలు దిగుతవి. ఆకలిగొన్న సైన్యం ఆయుధాలు పారవేసి కుండలమీద పడుతుంది. యుద్ధం ఆగిపోతుంది. సమ్మెలు చూచిన ఊరికి, జీతం కోతపడితే వంటింట్లో ఏమి జరుగుతుందో తెలిసిన ఊరికి, ఈ ఘట్టాన్ని ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

ఇప్పుడు గోల్ బజారుకు రండి, కలకత్తాకు రండి, ఎక్కడికైనా రండి. నేను చూచిన చొక్కాలమీద భూతరాజు ఉన్నాడు, డోలు ఉన్నది, చేతులెత్తి గంతులువేసే జంట ఉన్నది. ఆకలిగొన్న సైనికుడు ఒక్కదానిమీదనైనా లేడు. మిఠాయి కుండలు దిగినచోట ఎవరున్నారో చూపించే చొక్కా అమ్ముడుపోదని వర్తకునికి తెలుసు. అతని వ్యాపారం అతనిది. దీనిని చూపి, కథ బ్రతికున్నదని ఉపన్యాసాలిచ్చే విద్వాంసుని సంగతే నాకు మింగుడుపడదు. 1980లో రాయ్ తీసిన 'హీరక్ రాజార్ దేశే'లో రాజు బడి మూయించి, పుస్తకాలు తగులబెట్టిస్తాడు. గనిలో వజ్రాలు తీసేవారు పస్తులుంటారు. పుస్తకాలు కాల్పించిన ఆ రాజుగారి బొమ్మను మనం పండుగకు తొడుక్కొంటున్నాము. మన ఇంట పుస్తకం లేకపోవటానికి మాత్రం ఏ రాజూ కారకుడు కాడు.

ఇది బెంగాలు రోగమని తెలుగువారు తమాషా చూడవలసిన పనిలేదు. 1951 మార్చిలో విజయావారి 'పాతాళభైరవి' వచ్చినది. కాశీమజిలీ కథలలో కొంత, అల్లాఉద్దీన్ కథలో కొంత తీసుకొని పింగళి నాగేంద్రరావు, కె.వి. రెడ్డి అల్లిన కథ అది. తోటమాలి కొడుకు రాజకుమారిని కోరటం అందులోని సాహసం. పేదరికం వానికి అడ్డం. నేడు మనకు మిగిలినది ఏమి? నేపాళ మాంత్రికుని గడ్డం. బడి వార్షికోత్సవాలలో దూదితో, నల్ల ఉన్నితో ఆ గడ్డం ఎన్ని వేల గడ్డాలకు అతికినారో లెక్కలేదు. ఆ పిల్లలలో మధిర సుబ్బన్న దీక్షితకవి పేరు విన్నవారు ఎందరు? 2015లో, 2017లో వచ్చిన బాహుబలి చిత్రాల దర్శకుడు తాను చిన్నప్పుడు చదివిన అమర్ చిత్ర కథల ఋణం పలుమార్లు చెప్పుకొన్నాడు. చదివినవాడు గనుక తీయగలిగినాడు. వాని చిత్రం చూచి నగలు, చీరలు కొన్న ఇండ్లలో, రేపు తీయబోయేవాడు ఏమి చదువుతున్నాడు?

పాశ్చాత్యులకు ఈ వ్యాపారం మనకంటె ముందే అబ్బినది. టెన్నియల్ గీసిన ఆలిస్ తలపట్టీ, ఆమె పేరుతోనే, నేటికీ ఆడపిల్లలు పెట్టుకొంటారు. ఫ్రాంక్ బామ్ 1900లో వ్రాసిన ఓజ్ కథలో డారతీ చెప్పులు వెండివి. 1939లో రంగుల చిత్రం తీసినవారు, వెండి కంటె ఎరుపు తెరమీద బాగుంటుందని, వాటిని కెంపు చెప్పులు చేసినారు. ఆ జతలలో ఒకటి 2024 డిసెంబరు వేలంలో మూడుకోట్ల డాలర్లు దాటి ధర పలికినది. కథలో ఆ చెప్పుల పని, ఇల్లు విడిచిన పిల్లను ఇంటికి చేర్చటం. అయినా అక్కడి పిల్లలకు ఒక సదుపాయం ఉన్నది. చెప్పులు చూచి కుతూహలపడిన పిల్లకు ఆ పుస్తకం ఏ గ్రంథాలయంలోనైనా, తన భాషలో, దొరుకుతుంది. మా ఊరి తెలుగు పిల్లకు భూతరాజును చూచి కుతూహలం కలిగితే, ఎక్కడికి పొమ్మంటారు?

ప్రతిపక్షంవారి గట్టి వాదం ఒకటున్నది. ఈ కాలపు పిల్లలు ఎట్లాగూ చదువరు, బొమ్మయినా వారిని పుస్తకానికి చేరుస్తుంది గదా అని. చేర్చుతుంది, దారి చివర పుస్తకం ఉంటే. ఖరగ్‌పూరు సబ్‌డివిజనులోనే, పింగ్లాకు చేరువలో, నయా అనే పటువాల గ్రామం ఉన్నది. అక్కడివారు చిత్రకార్ అనే ఇంటిపేరుగల పటచిత్రకారులు. కథను పొడవైన కాగితపు చుట్టమీద వ్రాసి, చుట్ట విప్పుతూ వ్రేలితో చూపుతూ పాడుతారు. వారిలో పలువురు ముస్లిములు. పాడేది తరచు హిందూ దేవతల కథ. పిల్లలు మెచ్చేది చేపల పెండ్లి పటం. చిన్న చేపలన్నీ వాద్యాలతో ఊరేగుతవి, చివరకు పెద్ద చేప నోరు తెరుస్తుంది. ఇప్పుడు ఆ చేపలు చీరలమీదికి, గొడుగులమీదికి, చేతిసంచులమీదికి వచ్చినవి. అందువలన ఆ ఇండ్లలో అన్నం ఉడుకుతున్నది; దానిని కాదనటానికి నాకు నోరు రాదు. కాని పాట చీరమీద అచ్చుపడదు. పాడేవాడు ప్రక్కన లేకపోతే ఆ పెద్ద చేప నోరు వట్టి లతాపత్రమే. పటువా స్వయంగా ఈ సంగతి ఎరుగును. కొన్నవారు అడిగితే ఇప్పటికీ పాడి వినిపిస్తాడు. అడిగేవారు కావలె.

దక్షిణారంజన్ మిత్ర మజుందార్ 1907లో 'ఠాకుర్‌మార్ ఝులి', అనగా నాయనమ్మ సంచి, ప్రకటించినప్పుడు రవీంద్రుడు దానికి పీఠిక వ్రాసినారు. నాయనమ్మ కథల సంచికంటె స్వదేశీ వస్తువు మరొకటి లేదని, అయ్యో, ఈ మధ్య అదికూడ మాంచెస్టరు మిల్లునుండే తయారై రాసాగినదని ఆయన వాపోయినారు. విదేశీ బట్టలు మంటల్లో పడుతున్న స్వదేశీ దినాలవి. ఇవాళ సంచి మన దేశంలోనే కుట్టుతున్నారు, దానిమీద నాయనమ్మ బొమ్మ వేస్తున్నారు. ఆ మేరకు స్వదేశీయే. లోపల చేయి పెట్టి చూచినప్పుడు గదా తెలిసేది!

ఇది చేయరాని పనేమీ కాదు. మనవారే చేసి చూపినారు. 1947 జూలైలో మద్రాసులో తెలుగు, తమిళాలలో పుట్టిన 'చందమామ' క్రమంగా దేశభాషలన్నిటికీ ప్రాకినది. 1972లో బెంగాలీలోకి పోయినది. కొడవటిగంటి కుటుంబరావుగారు తెలుగులో సిద్ధంచేసిన ప్రతినుండి ఇతర భాషల అనువాదకులు పని చేసేవారు. చిత్రా, శంకర్, వపా గీసిన బొమ్మలు అన్ని భాషలకూ ఒకటే, మాటలు మాత్రం ప్రతినెలా క్రొత్తగా పుట్టవలసి వచ్చేవి. బొమ్మ ఉన్నది గదా, మాటలెందుకు అని ఆ సంపాదకులు అనుకొని ఉంటే ఏమి జరిగేదో ఊహించండి. ఒక తెలుగు కార్యాలయం బెంగాలీ పిల్లలకు నెలనెలా కథలు పంపినది. ఆ పత్రిక ఆగిపోయి దశాబ్దం దాటినది. తిరుగుటపాలో మనం తెచ్చుకొన్నది ఎంత?

పశ్చిమబెంగాలు ప్రభుత్వం 2020 డిసెంబరులో తెలుగుకు అధికారభాషా స్థానమిచ్చినది. ఖరగ్‌పూరు తెలుగువారు చిరకాలం అడిగి సంపాదించుకొన్న హక్కు అది. దరఖాస్తు తెలుగులో వ్రాయవచ్చు. మంచిదే. ఎనిమిదేండ్ల పిల్ల దరఖాస్తులు చదివి భాష నేర్చుకోదు. ఆమె చదివే తెలుగు, ఆమె చూచే ప్రపంచంనుండి రావలె. రాజమండ్రి గోదావరిని ఆమె ఎరుగకపోవచ్చు, కంసావతిని ఎరుగును. పూజ పందిరిలో తాను చూచిన భూతరాజు, తన అమ్మ మాట్లాడే భాషలో మాట్లాడటం వినినప్పుడు, ఆ అక్షరాలమీద ఆమెకు ఆశ పుట్టుతుంది. ఉపేంద్రకిశోరుని కథలు, సుకుమారుని 'హజబరల', అవనీంద్రుని 'క్షీరేర్ పుతుల్' - ఈ మూడు, పెద్ద అక్షరాలతో, మూలంలోని బొమ్మలతో, చవక ధరకు తెలుగులో అచ్చువేసి ఖరగ్‌పూరు బడులకు చేర్చటానికి ఒక సంస్థకు ఒక సంవత్సరపు పని. ఒక్క సభ తగ్గించుకొంటే డబ్బు సరిపోతుంది. అట్లాగే పాతాళభైరవి, కాశీమజిలీలు బెంగాలీలోకి పోవలె. ఆ పనికి ఇంటిలో తెలుగు, వీధిలో బెంగాలీ వచ్చినవారు ఆ ఊరిలో ఉన్నారు. వారిని ఎవరూ అడుగలేదు.

పని సులభమని చెప్పను. గూపీ 'గాయిన్', బాఘా 'బాయిన్' అనే ఆ ప్రాస తెలుగులోకి ఎట్లా తెస్తారు? పాడే గోపీ, వాయించే బాఘా అంటే అర్థం వచ్చి ఆట పోతుంది. ఆకాశంనుండి దిగే కుండలలో రసగుల్లాలే ఉంచవలెనా, అరిసెలు పెట్టవచ్చునా? పిల్లల కథలో మిఠాయి పేరు మార్చటం చిన్న విషయం కాదు. నన్నడిగితే రసగుల్లాలే ఉండనీయవలె. పత్రిక పేరు ఇంకా చిక్కు. బెంగాలీలో 'సందేశ్' అంటే వార్త, సందేశ్ అంటే మిఠాయి. ఉపేంద్రకిశోరుడు రెంటినీ ఒకే మాటలో పెట్టి పిల్లలకు అందించినాడు. తెలుగులో సందేశం కబురు మాత్రమే, తియ్యదనం రాదు. విజయవాడలో చదివే పిల్లకు క్రింద ఒక వివరణ వ్రాయవలసి ఉంటుంది. ఖరగ్‌పూరులో చదివే పిల్లకు అక్కరలేదు. ఆమె సందేశ్ తిన్నది.